పాప దగ్గుతోంది, యాప్ మాత్రం ‘సంతృప్తికరం’ అంటోంది: మా ఇంట్లో మేం చేసింది

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళం జిల్లా కొత్తూరు దగ్గర ఉంటున్నారు. పదిహేను రోజులుగా రాత్రిళ్లు కొండ మీద మంట కనబడుతోంది. తెల్లారేసరికి ఊరంతా పొగ. ఆరేళ్ల పాప తెల్లవార్లూ దగ్గుతోంది. ఫోన్‌లో చూస్తే గాలి ‘సంతృప్తికరం’ అని వస్తోంది. ఏది నమ్మాలి, ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని అడిగారు.

పాప దగ్గునే నమ్మండి. మాది హిరమండలం వైపు, మీకు దగ్గరే. మా అత్తయ్యకి ఉబ్బసం ఉంది. మూడేళ్ల క్రితం మార్చి నెలాఖర్లో, ఎండలు ముదిరాయని ఎప్పటిలాగే ఆవిడకి వాకిట్లో నులక మంచం వేశాం. తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే ఆవిడ లేచి కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి డొక్కలు ఎగరేస్తున్నారు. ఎదురింటి గోడ కూడా సరిగ్గా కనబడటం లేదు. మంచు అనుకున్నాం. తెల్లారాక నీళ్ల గాబు దగ్గరికి వెళ్తే నీటి మీద నల్లటి ఆకు ముక్క ఒకటి తేలుతోంది. దాని ఈనెలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేలితో తాకగానే పొడైపోయింది. మా వీధిలో ఎవరూ ఏమీ కాల్చలేదు, అది కొండ మీద నుంచి వచ్చిందే.

ఊళ్లో చూపిస్తే దగ్గు సిరప్ ఇచ్చి పంపారు. నాలుగు రోజులు అలాగే నెట్టుకొచ్చి శ్రీకాకుళంలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదట అడిగింది ఒకటే: “ఏ వేళప్పుడు ఎక్కువవుతోందమ్మా?” చెప్పలేకపోయాను. రాసుకురమ్మన్నారు. మా అబ్బాయి పాత నోట్‌బుక్‌లో పది రోజులు రాశాను: టైము, పొగ వాసన వచ్చిందా, డాబా ఎక్కితే కాలవ గట్టు మీది చింతచెట్టు కనబడుతోందా, వెనక కొండ కనబడుతోందా, అత్తయ్య ఎన్నిసార్లు లేచారు. పది రోజులయ్యేసరికి లెక్క తేలిపోయింది. రాత్రి రెండు దాటాక మొదలవుతుంది, అయిదు నుంచి ఎనిమిది దాకా విపరీతం, పది పదకొండుకల్లా తేలిపోతుంది.

దానికి కారణం ఉంది. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగనీ తీసుకుపోతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి కూడా తోడవుతుంది. రాత్రి నేల, కొండ వాలు చల్లబడతాయి. చల్లగాలి బరువు కాబట్టి నీళ్లలాగే పల్లానికి జారుతుంది, కొండ మీది పొగను వెంటబెట్టుకుని ఊళ్ల మీదకి వస్తుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది కాబట్టి ఎండ ముదిరేదాకా పొగ కదలదు. పల్లంలో ఉన్న మన ఊళ్లకి మంట పది కిలోమీటర్ల అవతల ఉన్నా పొగ ఇంటి ముందే ఉన్నట్టు ఉంటుంది.

యాప్ సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఫోన్‌లోని వాతావరణ యాప్‌లు చాలావరకు ఉపగ్రహం, కంప్యూటర్ లెక్కల మీద పెద్ద ప్రాంతానికి కలిపి వేసే అంచనా చూపిస్తాయి. మీ వీధిలో మిషను పెట్టి కొలిచింది కాదు. పైగా మన దేశంలో గాలి నాణ్యత సూచీని పీఎం 2.5కి 24 గంటల సగటు మీద కడతారు. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. మాటవరసకి తెల్లవారుజామున నాలుగు గంటలు ఘనపు మీటరు గాలిలో 200 మైక్రోగ్రాములు, మిగతా ఇరవై గంటలు 30 ఉన్నాయనుకోండి. సగటు 58 వస్తుంది. మన ప్రమాణం 60. అంటే ‘సంతృప్తికరం’! ఆ నాలుగు గంటలూ పాప పీల్చింది మాత్రం ‘చాలా అధ్వానం’ అనే మెట్టులోని గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన రోజు పరిమితి 15 మాత్రమే. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో చేర్చినవే. అంటే మంటలు లేని రోజుల్లో కూడా మన గాలి అంత బాగా ఏమీ లేదు.

ఇక మేం మార్చుకున్నవి. మనకి వేసవిలో రాత్రి కిటికీలు బార్లా తీసి, పగలు మూసే అలవాటు కదా. పొగ రోజుల్లో దాన్ని తిరగేశాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా అన్నీ తెరిచి ఇంటిని గాలాడనిస్తాం. పడుకునేముందు కొండవైపు కిటికీలు పూర్తిగా మూసి, తలుపు కింద సందులో తడి గోనె పెడతాం. వాకిట్లో, డాబా మీద పడకలు బంద్. ఇల్లు మరీ ఉడికిపోయే రాత్రి పెద్దవాళ్లకి వడదెబ్బ భయం ఉంటుంది, అప్పుడు మొండిగా మూయకండి. రెండింటి దాకా తెరిచి, అలారం పెట్టుకుని లేచి మూసేయండి. నేను చాలాసార్లు అలాగే చేశాను.

ఎయిర్ కూలర్ విషయంలో మేం పొరపాటు చేశాం, మీరు చేయకండి. అది బయటి గాలినే లాగి గదిలోకి కొడుతుంది, దాని గడ్డి ఈ రేణువుల్ని పట్టదు. పొగ రాత్రి ఫ్యాన్ చాలు. మూసిన గదిలో దోమల చుట్ట, అగరబత్తి, సాంబ్రాణి అసలు వద్దు, దోమతెర కట్టండి. దోమల చుట్ట వెలిగించడం మానేసిన వారానికే అత్తయ్యకి తేడా తెలిసింది.

ప్యూరిఫయర్ కొనగలిగితే మంచిదే. సన్నటి రేణువుల్ని పట్టే హెపా ఫిల్టరు ఉన్నది, పాప పడుకునే గది కొలతకి సరిపడేది చూసి, ఆ ఒక్క గదిలోనే తలుపులు వేసి నడపండి. హాల్లో పెడితే లాభం లేదు. కొనలేకపోయినా బెంగపడకండి, మేం మొదటి ఏడాది కిటికీలతోనే గట్టెక్కాం. బయటికి వెళ్లక తప్పకపోతే పెద్దవాళ్లకి ఎన్-95 పనిచేస్తుంది. తడి తువ్వాలు, గుడ్డ మాస్కు ఈ రేణువుల్ని పెద్దగా ఆపవు. ఆరేళ్ల పిల్లల ముఖానికి ఎన్-95 సరిగ్గా అతకదు కాబట్టి ఉదయం ఆటలు, సైకిలు పొగ తేలిపోయాక పెట్టండి. స్కూల్లో ప్రేయర్ గదిలో పెట్టమని టీచర్‌ని అడగండి, మొహమాటపడొద్దు.

పాపని ఒకసారి పిల్లల డాక్టరుకి తప్పకుండా చూపించండి. పిల్లికూతలు ఉంటే సిరప్‌తో పోదు. ఇన్‌హేలర్ అంటే అలవాటైపోతుందని మా ఇంట్లోనూ భయపడ్డారు, అది ఉత్త భయమే. చిన్నపిల్లలకి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి ఇస్తారు. మాట పూర్తిచేయలేక ఆయాసపడుతున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

మంటల గురించి ఒక మాట. ఇప్ప పువ్వు రాలే రోజులివి. పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండాకు కాలుస్తారు, పోడు కోసం కాలుస్తారు, ఒక్కోసారి ఆర్పకుండా పడేసిన బీడీ ముక్క కూడా చాలు. సంతలో అడ్డాకులు అమ్మే ఒకావిడని అడిగితే, “మాకూ కళ్లు మండతాయి తల్లీ, మా పిల్లలూ దగ్గుతారు” అంది. మనకన్నా ముందు ఆ పొగ పీల్చేది వాళ్లే. అందుకే కొండోళ్ల వల్లే ఇదంతా అనే మాట నాకు నచ్చదు. మన పొలాల్లో గడ్డి, వీధిలో ఊడ్చిన ఆకులు పొద్దున్నే తగలబెట్టేది మనమే. సరిగ్గా పొగ కదలని వేళ అది. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఇప్పుడు ఆకులు గోతిలో వేస్తున్నారు.

మంట ఎక్కడుందో తెలియాలంటే భారత అటవీ సర్వే సైట్‌లో పేరు నమోదు చేసుకోండి, ఉపగ్రహం మంట పట్టినప్పుడు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. చెట్ల కింద పాకే చిన్న మంటలు దానికి ఒక్కోసారి దొరకవు. అలాంటిది కంటబడితే మీరే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కి చెప్పండి.

ఈ రాత్రి నుంచే నోట్‌బుక్ మొదలుపెట్టండి. పాప పడుకునే గది కిటికీ ఏ దిక్కున ఉందో, కొండ ఏ వైపో రాయండి, ఏది మూయాలో ఏది తెరవాలో చూసి చెప్తాను.