లై డిటెక్టర్ కోర్సులో చేరే ముందు ఆ సంఘం నియమావళి అడగండి

ప్రశ్న: మాది మదనపల్లె. 18 ఏళ్ల కిందట బెంగళూరు వచ్చి మారతహళ్లిలో స్థిరపడ్డాం. చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. మా అమ్మాయి బీఎస్సీ సైకాలజీ చివరి ఏడాది చదువుతోంది. లై డిటెక్టర్ పరీక్షలు చేసే పనిలోకి వెళ్తానంటోంది. ఇక్కడొక ప్రైవేటు సంస్థ మూడు నెలల కోర్సు, ఒక వృత్తి సంఘంలో సభ్యత్వం కలిపి 90,000 రూపాయలు అడుగుతోంది. సభ్యత్వం వస్తే 'సర్టిఫైడ్ ఎగ్జామినర్' అని పెట్టుకోవచ్చట. కంపెనీల నుంచి, ఇళ్ల నుంచి కేసులు కూడా వాళ్లే ఇప్పిస్తారట. పోలీసులు, నేరాలు అంటే వాళ్లమ్మకు టెన్షన్. నాకు మాత్రం ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉందా అన్నదే అనుమానం. డబ్బు కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. అలాగని అమ్మాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. మనిషి మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న కోరిక మంచిదే, దానికి మంచి దారులూ ఉన్నాయి. మీ అనుమానం మాత్రం సరైన చోట పడింది. ఆ సర్టిఫికెట్ విలువ దాని మీదున్న ముద్రను బట్టి రాదు. ఇచ్చే సంఘానికి ఎలాంటి నియమావళి ఉందో, దాన్ని సొంత సభ్యుల మీద ఎంత గట్టిగా అమలు చేస్తుందో చూస్తే తెలుస్తుంది. ఈ వృత్తిలో ఇది ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెబుతాను. మీ అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

లై డిటెక్టర్ అని మనం పిలిచే పాలిగ్రాఫ్ యంత్రం అబద్ధాన్ని పట్టుకోదు. ఛాతీకీ పొట్టకీ చుట్టే గొట్టాలు ఊపిరిని కొలుస్తాయి. చేతికి కట్టే బీపీ పట్టీ రక్తపోటును, గుండె వేగాన్ని చూస్తుంది. వేళ్లకు తగిలించే పలకలు చెమటలో వచ్చే మార్పును పసిగడతాయి. ప్రశ్న వేసినప్పుడు ఇవి ఎలా మారాయో తెర మీద గీతలుగా కనిపిస్తాయి, అంతే. ఆ మార్పు అబద్ధం వల్ల వచ్చిందా, భయం వల్ల వచ్చిందా, 'నన్ను దొంగ అనుకుంటున్నారే' అన్న అవమానం వల్ల వచ్చిందా అన్నది గీత చెప్పదు. చెప్పేది ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్. ఏ ప్రశ్నలు వేయాలో తయారుచేసేదీ, ఏ ప్రశ్నను దేనితో పోల్చాలో నిర్ణయించేదీ ఆ మనిషే. రక్తపరీక్షలో ల్యాబు టెక్నీషియన్ ఎవరైనా హిమోగ్లోబిన్ లెక్క దాదాపు ఒకటే వస్తుంది. ఇక్కడ అలా కాదు. ఎగ్జామినర్ నిజాయితీ, శిక్షణ, ఓపిక కూడా పరికరంలో భాగమే.

పైగా తప్పు జరిగితే నష్టపోయేది ఎక్కువగా అమాయకులే. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకుందాం. వాళ్లలో 8 మందిని పట్టుకునేంత కఠినంగా పరీక్ష పెడితే, ఆ 8 మందితో పాటు ఏ పాపం ఎరుగని 1,598 మంది కూడా ఫెయిలవుతారు. మీ అమ్మాయి సైకాలజీలో స్టాటిస్టిక్స్ చదివే ఉంటుంది, ఈ లెక్క ఎలా వచ్చిందో తననే వివరించమనండి. కోర్సు అమ్మేవాళ్లు 'మా పరీక్ష ఇన్ని శాతం కచ్చితం' అన్నప్పుడు ఏ ప్రశ్న అడగాలో అప్పుడు తనకే అర్థమవుతుంది.

అందుకే ఈ వృత్తి పాతుకుపోయిన చోట సంఘాలు తమకు తాము కట్టుబాట్లు పెట్టుకున్నాయి. 1966లో ఏర్పడిన అమెరికన్ పాలిగ్రాఫ్ అసోసియేషన్ నైతిక నియమావళి చూడండి. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోకూడదు. చాలినంత సమాచారం లేకుండా అభిప్రాయం ఇవ్వకూడదు. గీతల్లో తేడా కనిపిస్తే అది ఎందుకు వచ్చిందో చెప్పుకునే అవకాశం పరీక్షకు కూర్చున్న మనిషికి ఇవ్వాలి. మతం, రాజకీయాల గురించి కేసుతో సంబంధం లేని ప్రశ్నలు వేయకూడదు. రిపోర్టులో వైద్యుడిలాగా, లాయరులాగా తీర్పులు రాయకూడదు. సభ్యుడు ఈ కట్టుబాట్లు తప్పితే విచారించడానికి లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. ఇంత ఉన్నా అక్కడి ప్రభుత్వం సంఘాల మాట మీదే వదిలేయలేదు. చాలావరకు ప్రైవేటు యజమానులు ఉద్యోగులకు ఈ పరీక్ష పెట్టకూడదని 1988లో చట్టమే చేసింది.

మన దగ్గర పరిస్థితి వేరు. డాక్టర్లకు నేషనల్ మెడికల్ కమిషన్, లాయర్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు పాలిగ్రాఫ్ ఎగ్జామినర్లకు చట్టం పెట్టిన నియంత్రణ సంస్థ లేదు. కాబట్టి మూడు నెలల కోర్సు చివర వచ్చే 'సర్టిఫైడ్' అన్న మాట ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కాదు, ఆ సంఘం ఇచ్చుకున్న బిరుదు.

పోలీసు కేసుల్లో మాత్రం గట్టి హద్దులు ఉన్నాయి. వాటిలో పెద్దది కర్ణాటక నుంచే వెళ్లింది. 'సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక' కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న తీర్పు చెప్పింది. మనిషి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్, నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలను చూడడం) పరీక్షలు చేయకూడదంది. తనకు వ్యతిరేకంగా తనచేతే సాక్ష్యం చెప్పించకూడదనే 20(3), వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21 రాజ్యాంగ అధికరణాలకు అది విరుద్ధమని తేల్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో పెట్టిన మార్గదర్శకాలను తప్పక పాటించాలని కూడా చెప్పింది. వాటి ప్రకారం నిందితుడి సమ్మతిని మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయాలి. లాయరు అందుబాటులో ఉండాలి. పరీక్ష వల్ల శరీరానికి, మనసుకు, కేసుకు ఏం జరగవచ్చో ముందే వివరించాలి. పరీక్ష చేసేది స్వతంత్ర సంస్థ అయి ఉండాలి. స్వచ్ఛందంగా కూర్చున్నా ఆ ఫలితం ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోరు. స్వచ్ఛందంగా ఇచ్చిన ఆ సమాచారంతో తర్వాత ఏదైనా వస్తువు దొరికితే మాత్రం దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు.

ఇళ్లలో, కంపెనీల్లో చేసే ప్రైవేటు పరీక్షలకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. మీ అమ్మాయికి ఇస్తామంటున్న కేసులు ఆ ఖాళీలోనివే. అక్కడ మేజిస్ట్రేట్ ఉండరు, లాయరు ఉండరు. ఎదుటి మనిషికి అండగా ఉండేది ఎగ్జామినర్ మనస్సాక్షి, ఆమె సంఘం నియమావళి, ఈ రెండే.

రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఇలాంటి కోర్సే చేసి ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. ఒక అపార్ట్‌మెంట్లో గొలుసు పోయిందని పనిమనిషికి పరీక్ష చేయించారు. ఆవిడ రాయచోటి నుంచి వచ్చింది, తెలుగు తప్ప మరో భాష రాదు. సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. వేలిముద్ర వేయించుకున్నారు. ఒప్పుకోకపోతే పనిలోంచి తీసేస్తామన్నాక వేసిన వేలిముద్ర అది. ఫీజు యజమానులు కట్టారు, ప్రశ్నలు కూడా వాళ్లే రాసిచ్చారు. గీతలను బట్టి నిజమో అబద్ధమో తేలలేదు. 'తేలలేదు' అని రాస్తే క్లయింటు ఒప్పుకోడని పైవాళ్లు రిపోర్టును 'అనుమానాస్పదం' అని మార్పించారు. ఆవిడ పని పోయింది. గొలుసు ఏమైందో ఎవరికీ తెలియదు. ఈ కుర్రాడు తన సంఘానికి ఫిర్యాదు చేద్దామనుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఫిర్యాదుల కమిటీ అంటూ ఏదీ లేదని. సంఘం అధ్యక్షుడే ఆ సంస్థ యజమాని. కుర్రాడు ఉద్యోగం మానేసి వచ్చి నా ముందు కూర్చుని, "మేడమ్, నేను చేసింది తప్పేనా?" అని అడిగాడు. తప్పేనని చెప్పాను. అలా చెప్పడం నాకూ కష్టంగానే అనిపించింది. చేరే ముందు ఆ కుర్రాడికి ఈ సంగతులు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం అదే.

కాబట్టి ఆ సంస్థకు వెళ్లి సభ్యత్వం ఇచ్చే సంఘం నియమావళి కాపీ అడగండి. బ్రోచర్ కాదు, నియమావళి. అది సొసైటీగా రిజిస్టరై ఉంటే నిబంధనలు రిజిస్ట్రార్ దగ్గర దాఖలై ఉంటాయి, దాయాల్సిన కాగితం కాదు. చేతికొచ్చాక ముందు చూడాల్సింది కోర్సు అమ్మేవాళ్లు, సభ్యత్వం ఇచ్చేవాళ్లు, కేసులు పంచేవాళ్లు ఒకరేనా అని. ఒకరే అయితే నేనైతే అక్కడితో ఆగిపోతాను. ఎందుకంటే తప్పు చేసిన సభ్యుణ్ని తీసేస్తే వాళ్లకే ఫీజు పోతుంది, క్లయింటూ పోతాడు. అలాంటి చోట తీసేయడం జరిగే పని కాదు.

తర్వాత సభ్యత్వం ఎవరికి ఇస్తారో చూడండి. డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ పూర్తి సభ్యత్వం ఇస్తే అది వృత్తి సంఘం కాదు. మంచి సంఘంలో విద్యార్థి సభ్యులు వేరు, పూర్తి సభ్యులు వేరు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కొన్ని పరీక్షలు చేశాకే పై మెట్టు. ఆ తర్వాత కూడా ఏటేటా శిక్షణ కొనసాగాలి. ఫిర్యాదు ఎవరు చేయవచ్చన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. సభ్యులే చేయగలిగితే ఆ రాయచోటి ఆవిడకు దారి లేనట్టే. పరీక్షకు కూర్చున్న మనిషి కూడా ఫిర్యాదు చేయగలగాలి. ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వాళ్లు విచారణలో కూర్చోకూడదు. రెండువైపులా వినాలి, అప్పీలుకు వీలుండాలి. ఇప్పటిదాకా ఎవరినైనా హెచ్చరించారా, సస్పెండ్ చేశారా అని కూడా అడగండి. 'మా వాళ్లెవరూ ఎప్పుడూ తప్పు చేయలేదు' అన్నారంటే ఎవరూ విచారించలేదని అర్థం.

సమ్మతి గురించి ఏం రాశారో నిదానంగా చదవండి. ఆ మనిషికి వచ్చిన భాషలో చెప్పాలని ఉందా? మధ్యలో లేచి వెళ్లిపోయే హక్కు ఉందా? పరీక్ష మొత్తం వీడియో తీసి భద్రపరుస్తారా? జ్వరం, గర్భం, గుండె జబ్బు, మందులు ఉన్నవాళ్ల విషయంలో ఏం చేయాలని ఉంది? రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుంది? 'తేలలేదు' అని రాసే స్వేచ్ఛ ఎగ్జామినర్‌కు ఉందా? భార్యాభర్తల అనుమానాల కేసులు తీసుకుంటామంటే ఇవన్నీ ఇంకా గట్టిగా ఉండాలి. ఒక గీత వల్ల కాపురం కూలితే మళ్లీ నిలబెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

సొంతవాళ్ల పనిని కూడా మొహమాటం లేకుండా తూచడం ఎలా ఉంటుందో మన ఊళ్లోనే ఒక ఉదాహరణ ఉంది. మెదడు తరంగాలను బట్టి నేరం జ్ఞాపకాలను గుర్తిస్తామనే ఒక పద్ధతిని బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఒకప్పుడు పనిచేసిన సైకాలజిస్టు తయారుచేశారు. అది దేశంలో వాడుకలోకి వచ్చింది. 2008లో నిమ్హాన్స్ డైరెక్టర్ అధ్యక్షతన ఉన్న నిపుణుల కమిటీ దాన్ని పరిశీలించి, శాస్త్రీయంగా నిలవదని చెప్పింది. మనవాడే కదా అని చూసీ చూడనట్టు వదల్లేదు. మీ అమ్మాయి అలాంటి వాతావరణంలో నేర్చుకోవాలని నా ఆశ.

ఇక దారుల సంగతి. ప్రభుత్వ ల్యాబుల్లో ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా సైకాలజీలో పీజీ చేసినవాళ్లే. ముందు ఎమ్మెస్సీ సైకాలజీ గానీ ఫోరెన్సిక్ సైకాలజీ గానీ చేయనివ్వండి. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ 2020 నాటి చట్టంతో జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థ అయింది. దానికి ధార్వాడ్‌లో కూడా క్యాంపస్ ఉంది. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. మడివాళలోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబు మీ ఇంటికి దూరమేమీ కాదు. కాలేజీ ద్వారా లేఖ పెట్టించి సందర్శనకు గానీ ఇంటర్న్‌షిప్‌కు గానీ ప్రయత్నించమనండి. మీ ఇంట్లో ఆవిడకు కూడా ధైర్యం వస్తుంది. ఈ పని ల్యాబు గదిలో కూర్చుని చేసేది, దొంగల వెంట తిరిగేది కాదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పాలిగ్రాఫ్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో, ఏడేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలన్న నిబంధన ఉంది. దాన్ని చూపించి పాలిగ్రాఫ్ కోర్సులు అమ్ముతారు, జాగ్రత్త. ఆ గిరాకీ ఎక్కువగా వేలిముద్రలు, డీఎన్‌ఏ, సైబర్ ఆధారాలు సేకరించేవాళ్లకే. అందుకని ఒక్క యంత్రం మీదే జీవితం పెట్టకుండా, క్లినికల్ సైకాలజీ వైపు కూడా ఒక కన్ను వేసి ఉంచమనండి. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కావాలి, అది చట్టం ఇచ్చే గుర్తింపు.

అమ్మా, ఇది నీకు. ఈ పని నిజంగానే నచ్చితే డిగ్రీ చివరి ప్రాజెక్టుగా ఒకటి చేసి చూడు. సెల్వి తీర్పు చదివి, ఒక పరీక్షకు కావాల్సిన సమ్మతి పత్రాన్ని చక్కటి తెలుగులో, కన్నడలో రాయి. చదువు రాని మనిషికి చదివి వినిపించు. అర్థమయ్యేదాకా మారుస్తూ ఉండు. నీకు ఈ వృత్తి సరిపోతుందో లేదో మూడు నెలల కోర్సు కన్నా ఆ రెండు పేజీలు బాగా చెబుతాయి.

వాళ్లు నియమావళి ఇస్తే ఒక కాపీ పట్టుకుని ముగ్గురూ రండి, కలిసి చదువుదాం. ఇవ్వకపోతే ఆ 90,000 ఎమ్మెస్సీ ఫీజుకు పక్కన పెట్టండి.