మొదటిసారి ట్రాక్ మీదికి మన సొంత కారుతో: డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

"అన్నా, రేస్ ట్రాక్ మీద నడపాలంటే ముందు ఏ కారు కొనాలి?" డాలస్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు తరచూ అడుగుతుంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూసి ఆ ఇష్టం పట్టుకున్నవాళ్ళూ వీళ్ళలో ఉన్నారు. అందరికీ నా జవాబు ఒకటే: ఏమీ కొనకండి. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే సివిక్కో కామ్రీయో చాలు. బ్రేకులు, టైర్లు బాగుండి, కింద ఆయిల్ కారకుండా ఉంటే మొదటి ఏడాదికి అంతకన్నా మంచి బండి లేదు. ఇంజిన్ బలం ఎక్కువున్న కారులో మలుపు దగ్గర చేసిన తప్పంతా తరవాత వచ్చే తిన్నని దారిలో కప్పబడిపోతుంది. చిన్న ఇంజిన్ అలా కప్పిపెట్టదు, అందుకే అందులో తొందరగా నేర్చుకుంటారు. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలని మాత్రం ట్రాక్ ఈవెంట్లు పెట్టే చాలా క్లబ్బులు రానివ్వవు. కన్వర్టిబుల్ అయితే రోల్ బార్ (కారు తిరగబడితే తలని కాపాడే ఇనుప కమ్మీ) అడుగుతారు.

రాత్రిపూట ఖాళీ హైవే మీద సరదా తీర్చుకుందామనే ఆలోచన ఉంటే ఈరోజే మానుకోండి. టెక్సస్‌లో రోడ్డు మీద పందెం క్రిమినల్ కేసు. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని వీసా దరఖాస్తులోనే అడుగుతారు. దానికన్నా ముందు, ఆ రోడ్డు మీద ఎవరి పిల్లలో వస్తుంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఫోర్ట్ వర్త్‌కి నైరుతిలో క్రెసన్ దగ్గర మోటార్‌స్పోర్ట్ రాంచ్ ఉంది. అక్కడి 1.7 మైళ్ళ ట్రాక్ కొత్తవాళ్ళకి బాగుంటుంది. ఆస్టిన్‌లో ఫార్ములా వన్ జరిగే సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అంటే ఎవరికైనా మోజే, కానీ 3.41 మైళ్ళు, 20 మలుపులు ఒక్కరోజులో బుర్రకెక్కవు. దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోండి. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ళు పెట్టే ట్రాక్ నైట్‌లో 20 నిమిషాల చొప్పున మూడు సెషన్లు ఇస్తారు, ఖర్చూ తక్కువే, కానీ పక్కసీట్లో గురువు ఉండడు. నన్నడిగితే మొదటిసారి హెచ్‌పీడీఈ (హై పెర్ఫార్మెన్స్ డ్రైవర్ ఎడ్యుకేషన్) అని పెట్టే డ్రైవింగ్ స్కూలు రోజుకే వెళ్ళండి. నాసా (రాకెట్ల సంస్థ కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్), బీఎమ్‌డబ్ల్యూ క్లబ్ లాంటివాళ్ళు వీటిని నడుపుతారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని హెడ్‌సెట్‌లో ప్రతి మలుపుకీ చెబుతుంటారు. డబ్బు కొంచెం ఎక్కువైనా ఈ ఖర్చుకి మాత్రం వెనకాడొద్దు.

ఇక అందరూ దాటేసే సంగతి ఇన్సూరెన్స్. మీ పాలసీలో ఎక్స్‌క్లూజన్స్ (వేటికి కవరేజీ ఉండదో చెప్పే) భాగం తీసి చదవండి. రేసులోనే కాదు, రేసింగ్ కోసం కట్టిన చోట నడిపినా కవరేజీ లేదన్న వాక్యం చాలా పాలసీల్లో ఉంటుంది. ఇది రేసు కాదు, క్లాసే కదా అన్న వాదన అక్కడ చెల్లదు. ఆ ఒక్క ఈవెంటుకి విడిగా తీసుకునే ట్రాక్ డే ఇన్సూరెన్స్ ఉంది. హ్యాగర్టీ, లాక్టన్ లాంటి కంపెనీలు ఇస్తాయి. ప్రీమియం కారు విలువని బట్టి ఉంటుంది. అది మీ కారు నష్టానికే తప్ప ఎదుటివాళ్ళ కారుకి కాదు. గార్డ్ రెయిల్ విరగ్గొడితే బిల్లు మీకే పంపే ట్రాకులున్నాయి. కారు తుక్కయినా లోను కిస్తీ ఆగదు. లీజు కారైతే ఒప్పందం చదవకుండా కదలొద్దు, అద్దె కారు అయితే ఆ ఊసే వద్దు. రేపు ఈ కారు లేకపోయినా ఆఫీసుకి వెళ్ళగలనా, కిస్తీ కట్టగలనా అని లెక్క వేసుకోండి. కుదరదనిపిస్తే ఈ ఏడాది పార్కింగ్ లాట్‌లో కోన్‌ల మధ్య జరిగే ఆటోక్రాస్‌కి వెళ్ళండి. కారు మీద అదుపు అక్కడా బాగా నేర్చుకోవచ్చు.

కారుకి చేయించాల్సిన పనుల్లో మొదటిది బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించడం. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం (డాట్ అన్నది ఫ్లూయిడ్ గ్రేడు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ట్రాక్ మీద వరసగా గట్టిగా బ్రేకు వేస్తుంటే లోపల ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలొస్తాయి. అప్పుడు పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతుంది, కారు ఆగదు. పెడల్ కాస్త మెత్తగా అనిపించినా ఆ ల్యాప్ నెమ్మదిగా ముగించి లోపలికి వచ్చేయండి. చక్రాల నట్లు ఎంత బిగువుగా ఉన్నాయో టార్క్ రెంచి (బిగువు కొలిచే పానా)తో చూడండి, సివిక్‌కయితే 80 ఫుట్-పౌండ్లు. హెల్మెట్‌కి స్నెల్ ఎస్‌ఏ (కారు రేసింగ్ హెల్మెట్ల ప్రమాణం) స్టిక్కర్ ఉండాలి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఐఎస్‌ఐ హెల్మెట్ పనికిరాదు. ఫ్లోర్ మ్యాట్లు, నీళ్ళ సీసాలతో పాటు డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణీ అద్దానికి వేలాడే దండనీ తీసి ఇంట్లో పెట్టి రండి. గట్టిగా బ్రేకు పడితే ఏ వస్తువైనా ఎగిరి పెడల్ కిందికి చేరగలదు.

లోపలికి వెళ్ళాక మొదటి రెండు సెషన్లలో స్పీడు ఊసెత్తొద్దు. కారు తిన్నగా వెళ్తున్నప్పుడే బ్రేకు వెయ్యండి, చూపు ముందు కారు బంపర్ మీద కాకుండా తరవాతి మలుపు మీద పెట్టండి. వెనక వేగంగా వచ్చేవాళ్ళకి కిటికీలోంచి చెయ్యి చాపి ఎటువైపు నుంచి దాటాలో చూపించాలి. మీరు చూపించకుండా ఎవరూ దాటరు. మలుపు చివర రెండు చక్రాలు గడ్డిలోకి దిగాయనుకోండి, గాభరాగా స్టీరింగ్ లాగొద్దు. అలా లాగితే పట్టు దొరికిన క్షణంలో కారు ట్రాక్‌కి అడ్డంగా దూసుకెళ్తుంది. నేరుగా గడ్డిలోకే పోనిచ్చి, వేగం తగ్గించి, కార్నర్ వర్కర్ (మలుపు దగ్గర కాపలా ఉండే మనిషి) చెప్పినప్పుడు మళ్ళీ ట్రాక్ ఎక్కండి.

సెషన్ చివరి ల్యాప్ బ్రేకు ఎక్కువ వాడకుండా తిరగండి. పార్క్ చేశాక హ్యాండ్ బ్రేక్ వెయ్యొద్దు, గేరులో ఉంచి చక్రం కింద చెక్క పెట్టండి. కాలిపోతున్న డిస్కుకి ప్యాడ్ అతుక్కోకూడదు. టెక్సస్ ఎండలో దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూ ఉండండి. సాయంత్రం నట్లు, ప్యాడ్‌లు మళ్ళీ ఒకసారి చూసుకుని బయలుదేరండి. ట్రాక్ దిగిన కాసేపటిదాకా హైవే మీద 70 కూడా నత్తనడకలా అనిపిస్తుంది, అందుకని ఇంటిదాకా క్రూజ్ కంట్రోల్ పెట్టుకోండి.