పద్దు రాసే అమ్మాయికి పద్దెనిమిది లక్షల సీటు కావాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. కిరాణా కొట్టు. ఇంటి ఖర్చులన్నీ పోను నెలకి 13 వేల దాకా మిగులుతుంది. పెద్దమ్మాయి ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. కంప్యూటర్లంటే పిచ్చి. లాక్‌డౌన్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో కొట్టు అరువు ఖాతా కోసం తనే ఏదో ప్రోగ్రాం రాసింది, రెండేళ్లుగా అదే వాడుతున్నాం. ఎప్‌సెట్ ర్యాంకు అనుకున్నంత రాలేదు. ర్యాంకుని బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో ఇక్కడే ఊళ్లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) గానీ, హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గానీ రావచ్చంటున్నారు. అదే హైదరాబాద్ కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ సీటుంది, డొనేషన్‌తో కలిపి నాలుగేళ్లకి 14 లక్షలు, హాస్టల్ వేరే. మా బావమరిది అదే తీసుకోమంటున్నాడు. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, వచ్చే ఏప్రిల్‌లో 5 లక్షల చిట్టీ చేతికొస్తుంది, 150 గజాల ప్లాటు ఉంది. మిగతాది విద్యారుణం తీసుకుందామా? బాబు తొమ్మిదిలోకి వచ్చాడు. (పేరు వేయవద్దన్నారు. ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం)

జవాబు:

నమస్తే అండీ. మీ ఉత్తరంలో నన్ను ఆపింది 14 లక్షలు కాదు, అరువు ఖాతా ప్రోగ్రాం. పదిహేడేళ్ల పిల్ల రాసిన ప్రోగ్రాంతో ఒక కొట్టు రెండేళ్లుగా నడుస్తోందంటే, చేరబోయే చదువులో సగం భయం తనకి లేనట్టే. ‘మా వాడికి కంప్యూటర్లంటే ఇష్టం’ అని నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమందిని కాస్త తరచి అడిగితే ఆ ఇష్టం గేముల దగ్గరో ఫోన్ దగ్గరో తేలుతుంది. మీ ఇంట్లో ఉన్నది అది కాదు. అందుకే మీ అమ్మాయికి ఖరీదైన సీటు కొనిపెట్టాల్సిన అవసరం మిగతావాళ్లకంటే తక్కువ అంటాను.

ముందు అప్పు సంగతి చూద్దాం. మేనేజ్‌మెంట్ సీటుకి 14, నాలుగేళ్ల హాస్టల్‌కి 4, మొత్తం 18 లక్షలు. ఎఫ్‌డీ ఆరు, చిట్టీలోంచి రెండు తీస్తే బ్యాంకు దగ్గర పది తీసుకోవాలి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తనఖా అడుగుతారు. అంటే ప్లాటు అమ్మకపోయినా దాని కాగితాలు బ్యాంకులో ఉంటాయి. వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. ‘రూపాయి వడ్డీ కంటే తక్కువే కదా’ అని మీకనిపిస్తుంది. నిజమే, కానీ రూపాయి వడ్డీ అప్పుని మీరు ఆరు నెలల్లో తీర్చేస్తారు. ఇది అలా కాదు. ఏటా రెండున్నర లక్షల చొప్పున విడతలు కాలేజీకి పోతాయి, చదువు నాలుగేళ్లూ ఆపైన ఇంకో ఏడాదీ వాయిదా కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదంటే వడ్డీ పడదని కాదు. మొదటి విడతకి అయిదేళ్ల వడ్డీ, రెండోదానికి నాలుగేళ్లది, అలా అన్నీ కలిపితే 3 లక్షల 67 వేలు. అప్పు 13 లక్షల 67 వేలై కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 18,450. మొత్తం కట్టేది 22 లక్షల పైమాటే. చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ వస్తే వాయిదా 13,500కి దిగుతుంది. కానీ ఆ వడ్డీ మొదటి ఏడు నెలకి 2,200 ఉన్నా, నాలుగో ఏటికి 8,750 అవుతుంది.

పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్‌కి ఇచ్చే జీతం పదేళ్లకి పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే తచ్చాడుతోంది. చేతికొచ్చేది పాతిక వేలు అనుకోండి. అందులో 18,450 వాయిదా పోతే హైదరాబాద్ హాస్టల్ ఖర్చుకి కూడా చాలదు. అప్పుడు ఆ వాయిదా ఎవరు కడతారు? మీరే. అప్పటికి మీ బాబు ఎక్కడుంటాడో లెక్కేశారా? ఉత్తరంలో చివరి ఒక్క ముక్కలో వచ్చి పోయిన ఆ బాబు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. అక్క బీటెక్ పూర్తయ్యే వేసవిలోనే వాడి ఇంటర్ అయిపోతుంది. ఏడాది తిరిగేసరికి అక్క అప్పు వాయిదాలు మొదలు, అప్పటికే వాడి కాలేజీ ఫీజులూ నడుస్తుంటాయి. ఎఫ్‌డీ ఉండదు, చిట్టీ సగం పోయి ఉంటుంది, ప్లాటు బ్యాంకులో ఉంటుంది.

డొనేషన్ గురించి ఒక మాట. ఆ 14లో అయిదు లక్షలకి రసీదు ఇచ్చేది లేదన్నారని మీరే రాశారు. సీటుకి ఇలా డబ్బు తీసుకోవడాన్ని 1983లోనే చట్టం చేసి నిషేధించారు. రసీదు లేని డబ్బుకి బ్యాంకు అప్పివ్వదు. పిల్ల మొదటి సెమిస్టర్‌లోనే మానేసి వేరే చోట చేరినా ఆ డబ్బు తిరిగి అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పథకం ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, జాబితాలో ఉన్న కాలేజీల్లో చేరితే, పది లక్షల దాకా అప్పుకి వడ్డీలో మూడు శాతం రాయితీ. దానికి మేనేజ్‌మెంట్ కోటా పిల్లలు అర్హులు కారు. వడ్డీ మీద పన్ను మినహాయింపు వస్తుందని బావమరిది చెప్పాడన్నారు. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. పైగా మీ ఆదాయానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. పడని పన్నులో మినహాయింపేముంది?

ఇక కన్వీనర్ సీట్ల సంగతి. మీరు రాసిన ఫీజుల ప్రకారం ఊళ్లో సీఎస్‌ఈకి ఏటా 75 వేలు, బస్సుకి 25 వేలు. నాలుగేళ్లకి 4 లక్షలు. అంటే నెలకి 8,300. మీకు మిగిలే 13 వేల లోపే సరిపోతుంది. ఎఫ్‌డీ, చిట్టీ, ప్లాటు, మూడిట్లో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఎఫ్‌డీని ఆరున్నర శాతానికి నాలుగేళ్లు కదపకుండా ఉంచితే 7 లక్షల 70 వేల దాకా అవుతుంది, బాబు ఇంటర్ అయ్యే నాటికి చేతికొస్తుంది. హైదరాబాద్ ఈసీఈకి ఫీజు 1.2 లక్షలు, హాస్టల్ లక్ష. నాలుగేళ్లకి 8.8 లక్షలు. నెల మిగులు మొత్తం దానికే పెట్టినా రెండున్నర లక్షలు తగ్గుతుంది, అది చిట్టీలోంచి వస్తుంది. అప్పు దీనికీ అక్కర్లేదు.

రెండిట్లో ఏది? డబ్బు మనిషిని కాబట్టి చవకదే చెబుతాడనుకోకండి. ముందు ఒక కాగితం చూడండి. కేంద్రం ఏటా కాలేజీలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులకి దరఖాస్తు పెట్టిన ప్రతి కాలేజీ, తాను ఇచ్చిన వివరాల పీడీఎఫ్‌ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేజీ అడుగున ఏదో మూల ఉంటుంది, మీ అమ్మాయి రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది. అందులో ఒక పట్టిక ఉంటుంది: మొదటి ఏడాది ఎంతమంది చేరారు, సరిగ్గా నాలుగేళ్లలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం ఎంత. మీడియన్ అంటే జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. బస్సుల వెనకాల, ఫ్లెక్సీల మీద వేసే 40 లక్షల ప్యాకేజీ ఒక్కడిది. మీ అమ్మాయికి కావలసింది ఆ మధ్యవాడి లెక్క. 300 మంది చేరి 160 మందే సకాలంలో బయటపడుతున్నారంటే ఆ కాలేజీ ఊళ్లో ఉన్నా, ఫీజు సగమైనా, నేను వద్దంటాను. ఆ పీడీఎఫ్ లేని కాలేజీ అయితే నేరుగా వెళ్లి మూడో ఏడాది పిల్లలతో క్యాంటీన్‌లో అరగంట మాట్లాడండి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటే తెలియదు.

ఇంకో సంగతి కూడా కనుక్కోండి, సీఎస్‌ఈలో మొత్తం ఎన్ని సెక్షన్లో. ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి సీట్ల మీద పై పరిమితి ఎత్తేశాక చాలాచోట్ల సీఎస్‌ఈ బాగా ఉబ్బింది. ల్యాబులూ లెక్చరర్లూ అంత వేగంగా పెరగరు. ఆ పేరున్న కాలేజీలోనే ఈసీఈలో తక్కువమంది ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌లో ఈసీఈ పిల్లల్నీ తీసుకుంటాయి. చిప్ డిజైన్ పని హైదరాబాద్‌లో బాగానే ఉంది, దానికి దగ్గరి దారి ఈసీఈయే. కాలేజీలో సీఎస్‌ఈ సీట్లు మిగిలితే కౌన్సెలింగ్ చివర ఇంటర్నల్ స్లైడింగ్‌లో మారే వీలూ ఉంటుంది, దాన్ని నమ్ముకుని మాత్రం చేరొద్దు. మీ అమ్మాయికి ఫిజిక్స్ ఎలా అనిపిస్తుందో మీరు రాయలేదు. అది ఇష్టం లేకపోతే ఈసీఈ నాలుగేళ్ల శిక్ష. ఊళ్లో కాలేజీ లెక్కలు పర్లేదనిపిస్తే నా మొగ్గు ఊళ్లో సీఎస్‌ఈకే.

ఇంజనీరింగే చదవాలని కూడా లేదు. డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ దోస్త్‌లో చేరి డిగ్రీ కంప్యూటర్స్ చేసి, ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేసినవాళ్లు నాకు తెలిసి చాలా బాగున్నారు, ఖర్చు పావు వంతు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ బీఎస్ నడుపుతోంది. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ పాసైతే చాలు. కోర్సు చొప్పున ఫీజు కట్టొచ్చు, మధ్యలో ఆపినా అప్పటిదాకా పూర్తి చేసిన దశని బట్టి సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికొస్తుంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి 2022లో యూజీసీ ఒప్పుకుంది కాబట్టి బీటెక్‌తో పాటూ చేయవచ్చు. కానీ మొదటి ఏడే రెండూ నెత్తిన పెట్టకండి. ఆ పరీక్షలు సెంటర్‌కి వెళ్లి రాయాల్సినవే, అంత తేలికేం కాదు.

మిగిలిన చిట్టీ డబ్బులోంచి రెండు లక్షలు విడిగా పెట్టండి. దానికి నేను ‘అయిదో ఏడు డబ్బు’ అని పేరు పెట్టుకున్నాను. ఎవరూ లెక్కలో వేసుకోని ఖర్చు అది. క్యాంపస్‌లో ఉద్యోగం రాకపోతే పిల్లలు అమీర్‌పేట హాస్టల్లో దిగి ఆరు నెలలో ఏడాదో కోర్సులు చేస్తూ వెతుక్కుంటారు. నేనూ 2001లో అక్కడి మైత్రీవనం మెట్లెక్కినవాణ్ణే. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 20 వేలతో జావా నేర్చుకున్నాను, నేర్చుకునేసరికి అమెరికాలో కంపెనీలు మూతపడి ఇక్కడ కొత్తవాళ్లని పిలిచేవాడే లేడు. చదువు సమస్య కాలేదు, ఆ ఎనిమిది నెలల అద్దె సమస్య అయింది. చేతిలో డబ్బు లేనివాడే ‘బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం వేయిస్తాం, రెండు లక్షలు కట్టు’ అనేవాళ్ల వలలో పడతాడు. అప్పు తెచ్చి మరీ కడతాడు. మీ అమ్మాయికి ఆ పరిస్థితి రాకుండా ఆ రెండు లక్షలు కాపలా కాస్తాయి. అవసరం పడకపోతే బాబుకి.

ఇప్పుడే ఒక 60 వేలు పెట్టి మంచి ల్యాప్‌టాప్ కొనండి. పాతదాంట్లో ఖాతా నడవనివ్వండి. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే కాబట్టి 50 లక్షల టర్మ్ ఇన్సూరెన్స్ ఈ నెలలోనే తీసుకోండి.

ఆదివారం లోపు 50 వేలు టోకెన్ అడ్వాన్స్ కట్టకపోతే సీటు పోతుందన్నారట. కట్టకండి. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి బావమరిదిని కాకుండా అమ్మాయినే కూర్చోబెట్టండి. ఆప్షన్లు ఎన్ని పెట్టినా అదనపు ఖర్చు లేదు, కాబట్టి వరుస మాత్రం మీకు నిజంగా కావలసిన క్రమంలో ఉండాలి. ఊళ్లో కాలేజీ పీడీఎఫ్‌లో అంకెలు చూశాక మళ్లీ రాయండి. అలాగే ఆ ప్రోగ్రాంలో ఆరు నెలలు దాటిన బాకీలు విడిగా కనిపిస్తాయో లేదో కూడా రాయండి. కనిపించకపోతే అమ్మాయికి ఈ సెలవుల్లో ఆ పని అప్పజెప్పండి. మీ కొట్టు అరువులో ఎంత ఇరుక్కుందో తెలిస్తే, మీరు రాసిన ఆ 13 వేల మిగులు నిజంగా పదమూడేనా అనేది నాకూ తెలుస్తుంది.