కార్లు ఆపడం వల్ల చచ్చిపోయిన ఇంటి ముందు గడ్డి మళ్లీ పెరగాలంటే ఏం చేయాలి?

ప్రహరీకీ రోడ్డుకీ మధ్య గడ్డి పోయి బోడినేల మిగిలింది, విత్తనాలు చల్లినా మొలవట్లేదు అని అడిగారు. అక్కడ అసలు దెబ్బతిన్నది గడ్డి కాదు, నేల. టన్ను బరువున్న కారు రోజూ ఒకేచోట ఆగితే మట్టిలో ఖాళీలు మూసుకుపోతాయి. నీరు ఇంకదు, వేళ్లకు గాలి అందదు. పైపైన ఏం చల్లినా దండగే.

నేల తడిపి, మర్నాడు పదును మీద ఉన్నప్పుడు గడ్డపలుగుతో జానెడు లోతు గుల్ల చేయండి. (మంచినీటి పైపు ఎటు పోతుందో ముందే చూసుకోండి, చాలా ఇళ్లకు అది అక్కడే పైపైన ఉంటుంది.) బురదగా ఉంటే మాత్రం తవ్వొద్దు. నల్లరేగడి అయితే ఆ పెళ్లలు ఎండాక ఇటుకల్లా బిగుసుకుంటాయి. బాగా మాగిన పశువుల ఎరువు రెండు అంగుళాల మందాన పరిచి కలపండి. తొలకరి పడ్డాక గరిక తీగలను కణుపులతో ముక్కలు చేసి, బెత్తెడు ఎడంలో నాటండి. కొరియన్ గడ్డి చూడ్డానికి బాగుంటుంది గానీ, తొక్కుడు తట్టుకుని త్వరగా అల్లుకునేది గరికే. ఎండ మాత్రం తగలాలి.

రెండు నెలలు చక్రం పడకుండా రాళ్లు అడ్డం పెట్టండి. కార్లు ఆపక తప్పదంటే, సందుల్లో గడ్డి మొలిచే సిమెంటు జాలీ పలకలు పరచడమే మేలు.