వాక్యూమ్ క్లీనర్ మోటార్ల పిచ్చి ఉన్న కుర్రాడికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వచ్చి అంబత్తూరులో స్థిరపడ్డాం. మావారికి మోటార్ రివైండింగ్ షాపు ఉంది. మా అబ్బాయి ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం చదువుతున్నాడు. పాత వాక్యూమ్ క్లీనర్లు తెచ్చి విప్పడమే వాడి పని. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్ పూర్తిగా అరిగేలోపే మోటారు ఆగి, లైటు వెలిగే ఏర్పాటు ఒకటి కనిపెట్టానంటున్నాడు. పదిహేను వేలు కడితే పేటెంట్ వేయిస్తామని కాలేజీవాళ్లు అంటున్నారు. ఐటీ ప్లేస్‌మెంట్లకు మాత్రం కూర్చోనంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఈ లైన్లో భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ పదిహేను వేలు ఇప్పుడే కట్టకండి. మీవాడి ఆలోచన మంచిదే గానీ పాతది. బ్రష్ లోపల స్ప్రింగుతో ఒక చిన్న ఇన్సులేటెడ్ పిన్ను దాచి ఉంచుతారు. బ్రష్ ఒక స్థాయి దాకా అరగ్గానే ఆ పిన్ను బయటికి పొడుచుకొచ్చి బ్రష్‌ను కమ్యుటేటర్ (తిరిగే భాగం మీద ఉండే రాగి పలకల చుట్ట) మీద నుంచి పైకి లేపేస్తుంది, మోటారు ఆగిపోతుంది. దీన్ని ఆటో స్టాప్ బ్రష్ అంటారు. యాంగిల్ గ్రైండర్లలో, డ్రిల్లింగ్ మిషన్లలో ఎప్పటినుంచో ఉంది, మీవారిని అడిగినా చెబుతారు. ఎవరూ చెప్పకుండా తనంతట తానే అక్కడిదాకా వెళ్లాడంటే కుర్రాడి బుర్ర బాగానే పనిచేస్తోందని నేను సంతోషిస్తాను. కానీ పేటెంట్ ఆఫీసు దానికి సంతోషించదు. తన ఏర్పాటు పాతదానికన్నా ఏ రకంగా వేరో రెండు వాక్యాల్లో రాసి చూపించమనండి. రాయగలిగితే అప్పుడు పేటెంట్ గురించి మాట్లాడుకోవచ్చు.

1970 నాటి మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) అని ఒకటుంది. తెలిసిన పరికరాలనే తెచ్చి పక్కపక్కన అమర్చితే, దేని పని అది విడిగా చేసుకుపోతుంటే, అది ఇన్వెన్షన్ కిందికి రాదు. బ్రష్‌కి ఒక ఎల్ఈడీ, ఒక బజర్ తగిలిస్తే సరిగ్గా ఈ సెక్షన్‌కే దొరికిపోతారు. ఇంకో సంగతి. దరఖాస్తు వేసిన 18 నెలలకు పేటెంట్ ఆఫీసు దాన్ని జర్నల్‌లో ప్రచురిస్తుంది. విడిగా ఫారం పెట్టి ఫీజు కడితే అంతకన్నా ముందే వేస్తుంది. అంతమాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. పరీక్షించమని మళ్లీ అడగాలి, అభ్యంతరాలకు జవాబులు రాయాలి. కాలేజీ బ్రోచర్లలో వేసే 'మా విద్యార్థుల పేటెంట్లు' జాబితాల్లో ప్రచురణ దగ్గరే ఉన్నవాటిని కూడా కలిపేస్తుంటారు. ఉద్యోగమిచ్చే ఇంజినీరు ఒక్క ప్రశ్నతో ఆ తేడా కనిపెట్టేస్తాడు.

అలాగని పేటెంట్ల జోలికే పోవద్దనడం లేదు. చదవమనండి, బాగా చదవమనండి. గూగుల్ పేటెంట్స్‌లో చూడ్డానికి పైసా ఖర్చు లేదు. వాక్యూమ్ క్లీనర్లు ఎ47ఎల్ అనే వర్గంలో ఉంటాయి, మోటార్ల నిర్మాణం హెచ్02కె లో, కమ్యుటేటర్లు, బ్రష్‌లు హెచ్01ఆర్ 39 లో. ఒక్కో పేటెంటులో చివర ఉండే క్లెయిములు, అంటే ఏది తన హక్కని అడుగుతున్నారో చెప్పే వాక్యాలు ముందు చదివి, ఆ తర్వాతే బొమ్మలు చూడాలి. ఒకవేళ తనది నిజంగా కొత్తదని తేలితే మాత్రం కాలేజీ ఎక్స్‌పోలో గానీ యూట్యూబ్‌లో గానీ చూపించకూడదు. ముందే బయటపడితే కొత్తదనం పోయినట్టే లెక్క. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకుంటే పూర్తి దరఖాస్తుకు 12 నెలల టైం దొరుకుతుంది. మన దక్షిణాది రాష్ట్రాలకు పేటెంట్ ఆఫీసు గిండీలోనే ఉంది, మీకు లోకల్ ట్రైన్ దూరం.

ఇక మీవాడిది సరదానా, నిజంగా పట్టు ఉందా అన్నది. దీనికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసి గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెడితే మోటారు కీచుమని అరుస్తుంది. అప్పుడు అది లాగే కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా? పాపం మోటారు కష్టపడుతోంది, కాబట్టి పెరుగుతుంది అంటారు చాలామంది. తగ్గుతుంది. గాలి లోపలికి రావడం ఆగిపోయింది కాబట్టి ఫ్యాన్‌కు తోయడానికి గాలే లేదు. లోడు తగ్గి, స్పీడు పెరిగి ఆ అరుపు వస్తుంది. అయినా అలాగే ఉంచితే మోటారు వేడెక్కుతుంది, ఎందుకంటే చాలా మోడళ్లలో పీల్చిన గాలే మోటారును చల్లబరచాలి. అందుకే అందులో వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్ పెడతారు. తడి దుమ్ము కూడా లాగే రకాల్లో ఆ గాలిని మోటారులోకి రానివ్వకూడదు గనక చల్లబరచడానికి వేరే ఫ్యాన్ ఉంటుంది. ఇవన్నీ మీవాడు తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి తనే చూసి, కారణం చెప్పగలిగితే వాడిది సరదా కాదని అర్థం. ఒక్క హెచ్చరిక. ఫ్యాన్ ఊడదీసి ఆ మోటారును నేరుగా 230 వోల్టులకు కలపొద్దని గట్టిగా చెప్పండి. అది సిరీస్ మోటారు, లోడు లేకపోతే స్పీడుకి హద్దుండదు, కమ్యుటేటర్ పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. షాపులో బల్బు గుండా కరెంటు పంపే సిరీస్ ల్యాంప్ బోర్డు ఉండే ఉంటుంది, అది వాడమనండి.

భవిష్యత్తు సంగతికి వస్తే, వాక్యూమ్ క్లీనర్ కంపెనీలనే నమ్ముకుంటే మన దేశంలో అవకాశాలు తక్కువే. కానీ అందులో ఉన్న యూనివర్సల్ మోటారే (ఏసీ, డీసీ రెండింటితోనూ నడిచే బ్రష్‌ల మోటారు) మీ వంటింటి మిక్సీలో ఉంది. వాక్యూమ్ క్లీనర్ లేని ఇళ్లు కోకొల్లలు, మిక్సీ లేని ఇల్లు చూపించండి!

వాక్యూమ్ క్లీనర్ చరిత్ర కూడా మీవాడికి నచ్చుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఊడ్చే పనివాడు, దుమ్ముతో ఆస్తమా పడలేక, 1907లో ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి క్లీనర్ చేశాడు. 1908లో పేటెంట్ వచ్చింది, హూవర్ కుటుంబం కొనుక్కుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు వచ్చినవన్నీ చిన్న చిన్న భాగాల్లోని మార్పులే: మెరుగైన బ్రష్, బిగుతైన బేరింగ్, ఫ్యాన్ రెక్కల వంపు, రేడియోలో గరగర రాకుండా కెపాసిటర్. పెద్ద కుదుపు యూరప్ నియమాలతో వచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు దాటకూడదన్నారు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లే అన్నారు, పైగా మోటారు కనీసం 500 గంటలు పనిచేయాలన్నారు. వాట్లు పెంచి లాగించే రోజులు పోయి, ఉన్న వాట్లలోనే గాలిని బాగా లాగే పని ఇంజినీర్ల మీద పడింది. ఇంకోపక్క బ్యాటరీతో నడిచే క్లీనర్లలో బ్రష్‌లే లేని బీఎల్‌డీసీ మోటార్లు వచ్చాయి. డైసన్ 2018లో తెచ్చిన వి10 మోటారు నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగంలో రోటర్ (తిరిగే భాగం) బ్యాలెన్స్ రవ్వంత తప్పినా బేరింగ్ బతకదు.

అందుకే నన్నడిగితే, మీవాడు బ్రష్ మీద ఇంకో ఏడాది వృథా చేయకుండా, బ్రష్ లేని మోటారును తిప్పే కంట్రోలర్ మీదకు రావాలి. పని ఉన్నది అక్కడే. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇంటింటికీ వస్తున్నాయి. హోసూరు చుట్టుపక్కల ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారవుతున్నాయి. శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కార్లకు వైపర్, కూలింగ్ ఫ్యాన్, పంపు లాంటి చిన్న మోటార్లు లెక్కలేనన్ని కావాలి. మీరు ఐటీ అంటున్నారు, వాడు మోటార్లు అంటున్నాడు. కంట్రోలర్‌లో ఉండే మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్‌కు కోడ్ రాయాల్సిందే కదా! సి భాష గట్టిగా వచ్చి, మోటారు చేత్తో పట్టుకున్నవాడు బెంగళూరులో ఇలా యంత్రాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఎంబెడెడ్ కంపెనీలకు కావాలి. మొదట్లో జీతం ఐటీ కన్నా తక్కువ ఉండొచ్చు, అది ముందే మాట్లాడుకుని ఒప్పుకోవాలి. తర్వాత వాడు దెప్పితే మీరు, మీరు దెప్పితే వాడు నలిగిపోతారు.

ఈ సంవత్సరం చేయాల్సింది మరీ ఎక్కువేం లేదు. రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే విడిభాగాలతో ఒక చిన్న బీఎల్‌డీసీ మోటారును రోటర్ ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్లతో తిప్పడం, కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా సర్క్యూట్ బోర్డు గీయడం, ఫెమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయస్కాంత క్షేత్రం చూడడం. ఫైనలియర్ ప్రాజెక్ట్ కూడా దీన్నే చేసుకోవచ్చు. గేట్ రాయమనండి. పవర్ ఎలక్ట్రానిక్స్, డ్రైవ్స్ వైపు ఐఐటీ మద్రాస్‌లోనో, తిరుచ్చి లేదా వరంగల్ ఎన్ఐటీలోనో ఎంటెక్ చేస్తే డిజైన్ ఉద్యోగాలకు తలుపులు తెరుచుకుంటాయి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఉద్యోగంలో చేరి కూడా ఆలోచించుకోవచ్చు. క్యాంపస్‌కి వచ్చే ఐటీ కంపెనీలకు మాత్రం కూర్చోమనండి. ఆఫర్ చేతిలో ఉంటే మీకు నిద్ర పడుతుంది, వాడు బీఎల్‌డీసీ బోర్డు ముందు ప్రశాంతంగా కూర్చుంటాడు.

చివరగా మీరు అడగని మాట ఒకటి. మీవారి షాపుకి కాలిపోయి వచ్చే ప్రతి ఆర్మేచర్‌నూ (తీగ చుట్టిన, తిరిగే భాగం) మీవాడు ఫొటో తీసి ఒక నోటుబుక్కులో రాసుకోవాలి: ఏ కంపెనీది, ఏ స్లాటు దగ్గర వైండింగ్ నల్లబడింది, బ్రష్ ఎంత మిగిలింది, కమ్యుటేటర్ మీద గాడి పడిందా, బేరింగ్ తిప్పితే గరగరమంటోందా, కస్టమర్ ఏం చెప్పాడు. మోటార్లు ఎలా చస్తాయో ఇంత దగ్గర్నుంచి చూసే అవకాశం ఏ కాలేజీ ల్యాబులోనూ దొరకదు. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్లమనండి.