జీతం లేని పెద్దమనిషి ఎవరి మనిషి?

ఈ నెల 'న్యాయ సలహా'కు వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. ఆస్తి తగాదాలు, అద్దె గొడవలు రాసినవారు ఒక నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఒక మత సంస్థ. ఏ మతమో రాయను, రాసినా తేడా ఉండదు. సెలవు రోజుల్లో అక్కడ పిల్లలకు తరగతులు జరుగుతాయి. వాటిని నడిపే ఆయనకు జీతం లేదు. ఎన్నో ఏళ్లుగా సేవ చేస్తున్న సభ్యుడు. మా అక్క కూతురికి 11 ఏళ్లు. అతను తనతో చేయకూడని పని చేశాడని నెల కిందట నాతో చెప్పింది. పెద్దల దగ్గరకు వెళ్తే, మూడేళ్ల కిందట మరో కుటుంబం కూడా అతని మీద ఇలాగే చెప్పిందని, అప్పుడు మందలించి కొన్నాళ్లు తరగతులకు దూరంగా పెట్టామని వాళ్లే అన్నారు. "అతను మా ఉద్యోగి కాదు, అతని పాపం అతనిది, సంస్థకు సంబంధం లేదు. మేమే విచారిస్తాం, బయటకు వెళ్లకండి" అంటున్నారు. అక్కాబావలు తటపటాయిస్తున్నారు. చట్టం సంస్థ దాకా వెళ్తుందా?
పేరు వద్దు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మీద చిరునామా లేదు. ఉంటే ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగేదాన్ని కాదు. మీరు భారతదేశంలోనే ఉన్నారనుకుని మొదలుపెడతాను.

ముందు పోలీసులకు చెప్పండి. పెద్దల విచారణ ముగిసేదాకా ఆగనక్కర్లేదు, ఆగకూడదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షను అంటోంది. ఆ 'ఏ వ్యక్తి అయినా'లో మీరున్నారు, అక్కాబావలున్నారు, ఆ పెద్దలూ ఉన్నారు. మతగురువులకు మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షను కింద 6 నెలల దాకా జైలు. తన అదుపులో పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడే చెప్పకుండా ఉంచితే ఏడాది దాకా జైలు, పైగా జరిమానా. 'సంస్థ' అన్నచోట 'ఏ పేరుతో పిలిచినా సరే' అని చట్టం చేర్చింది. ఆ మాట రాసినవారికి సంస్థలు బోర్డులు మార్చుకునే తీరు బాగా తెలిసి ఉండాలి.

పోలీసులంటే అక్కకు భయం ఉండవచ్చు. పాప వాంగ్మూలాన్ని ఇంట్లోనో, పాప కోరుకున్న చోటో తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు మహిళా ఎస్సైయే తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. తల్లిదండ్రులో, పాప నమ్మిన మనిషో పక్కన ఉండాలి. అది మీరే కావచ్చు, ముందుగా మీకే చెప్పింది కదా. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారి మీద ఎదురు కేసు నిలవదని కూడా ఆ 19వ సెక్షనే చెబుతోంది.

ఇక సంస్థ సంగతి. మీ ఉత్తరంలో "వాళ్లే అన్నారు" అన్న చోట నేను పెన్ను కింద పెట్టి ఆలోచించాను. మీ పెద్దలు తమ మీద తామే సాక్ష్యం చెప్పుకున్నారు, ఆ సంగతి వాళ్లకింకా తట్టినట్టు లేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త చుట్టు తిరగాలి.

చట్టం సంస్థను రెండు విధాలుగా పట్టుకుంటుంది. ఒకటి, తన మనిషి చేసిన తప్పుకు సంస్థ జవాబు చెప్పడం. లాయర్లు దీన్ని వికేరియస్ లయబిలిటీ అంటారు. డ్రైవరు ఢీకొడితే బస్సు యజమాని నష్టపరిహారం కట్టడం లాంటిది. రెండోది, సంస్థ స్వయంగా చేసిన నిర్లక్ష్యం. మీ పెద్దలు మొదటిదాని గురించే గట్టిగా మాట్లాడుతున్నారు. రెండోది మీకు గుర్తుకు రాకూడదని.

"మా ఉద్యోగి కాదు" అన్న మాట వాళ్లు కనిపెట్టినది కాదు, చాలా దేశాల కోర్టులు విన్నదే. బ్రిటన్‌లో సెయింట్ విలియమ్స్ అనే వసతి బడిలో హింసకు గురయ్యామని 170 మంది దావా వేశారు. నిందితుల్లో క్రిస్టియన్ బ్రదర్స్ అనే సన్యాస సంఘం సభ్యులున్నారు. వీళ్లు బడి యాజమాన్యం ఉద్యోగులు, మేము జీతం ఇవ్వలేదు అని సంఘం వాదించింది. నిజమే, ఇవ్వలేదు. డబ్బు ఎదురు దిక్కున నడిచేది: బ్రదర్లే తమ సంపాదన అంతా సంఘానికి ధారపోసేవారు. 2012లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. సంఘం పొమ్మన్న చోటికి పోయారు, సంఘం నియమాలతో బతికారు, సంఘం ఆశయం కోసమే బోధించారు. మధ్యన ఉద్యోగ ఒప్పందం బదులు వ్రతం ఉండటంతో ఆ బంధం ఇంకా బిగిసిందే తప్ప వదులు కాలేదన్నది తీర్పు సారం.

మీ విషయానికి ఇంకా దగ్గరిది 2015 నాటి లండన్ హైకోర్టు తీర్పు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ సంఘంలో జీతం లేని ఒక సేవకుడు ఒక బాలికను ఏళ్ల తరబడి వేధించాడు. అతను మరో బాలిక విషయంలో తప్పు ఒప్పుకున్నా పెద్దలు తల్లిదండ్రులను సరిగా హెచ్చరించలేదు. కోర్టు సంస్థను రెండు విధాలా బాధ్యురాలిని చేసి 2,75,000 పౌండ్ల పరిహారం ఇప్పించింది.

అన్ని తీర్పులూ ఇటే ఉన్నాయని చెబితే నేను మంచి లాయరును కాను. 2023లో బ్రిటన్ సుప్రీంకోర్టు, అదే మతసంఘానికి చెందిన ఒక సంఘ పెద్ద, ఒక వయోజన మహిళ మీద చేసిన అత్యాచారం కేసులో, జీతం లేని పెద్దకూ సంస్థకూ మధ్య బంధం ఉద్యోగం లాంటిదేనని ఒప్పుకుంది. అయితే ఆ నేరం అతని మతపరమైన బాధ్యతతో ముడిపడినది కాదని సంస్థను వదిలేసింది. 2024 నవంబరులో ఆస్ట్రేలియా హైకోర్టు మరీ కటువుగా, కాథలిక్ ఫాదరు తన డయోసిస్‌కు, అంటే బిషప్పు కింద ఉండే చర్చి పాలనా విభాగానికి, ఉద్యోగి కాడు కనుక వికేరియస్ లయబిలిటీ వర్తించదని తేల్చింది. ఒక ఫాదరును నియమించేది వాళ్లు, బదిలీ చేసేది వాళ్లు, ఇంటి తలుపు తెరిపించేది వాళ్లిచ్చిన హోదా. ఉద్యోగ బంధం లేదు కాబట్టి సంబంధం లేదనడం నాకు మింగుడుపడలేదు. తీర్పును గౌరవిస్తాను, ఒప్పుకోను.

అంతకన్నా వింత ఆ దేశంలోనే 2007లో జరిగింది. చిన్నతనంలో వేధింపుకు గురైన ఒకాయన సిడ్నీ చర్చి మీద దావా వేస్తే, అసలు ఎవరి మీద దావా వేయాలో అలాంటివారే లేరని తేలింది! చర్చి అనేది చట్టం దృష్టిలో వ్యక్తి కాదట. ఆస్తులు చూసే ధర్మకర్తలు ఉన్నారు గాని ఫాదర్ల నడవడితో వాళ్లకు సంబంధం లేదట. భూములు కొనేటప్పుడు ఉన్న సంస్థ, పిల్లవాడు ఎదురుగా నిలబడేసరికి మాయమైంది. ఈ దారిని మూయడానికి విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు 2018లో చట్టాలు చేయవలసి వచ్చింది. అందుకే చెబుతున్నాను, మీ సంస్థ ట్రస్టా, సొసైటీయా, ఎవరి పేరున రిజిస్టరు అయింది, ఆ తరగతుల గది ఎవరి పేరున ఉంది అన్నవి మీ లాయరు మొదటి వారంలోనే కనుక్కోవాలి.

ఈ విదేశీ తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు, వాదనలో చూపించుకోవడానికి పనికివస్తాయి. మన క్రిమినల్ చట్టంలో మాత్రం జీతం ప్రశ్న అంత దూరం రాదు. మత సంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవాడు చేస్తే పోక్సో దాన్ని తీవ్ర నేరంగా చూస్తుంది. సిబ్బంది కాదంటారా? పిల్లల నమ్మకాన్ని, వారి మీద అధికారాన్ని పొందిన స్థానంలో ఉన్నవాడు చేసినా అంతే. అదీ కాదంటారా? పాపకు 12 ఏళ్లు నిండలేదు, ఆ ఒక్క కారణమే చాలు.

ఇప్పుడు ఆ మూడేళ్ల కిందటి సంగతికి వస్తాను. అతను ఎవరి మనిషైనా కానివ్వండి, ప్రమాదం ఉందని తెలిసి కూడా మళ్లీ పిల్లల గది తాళంచెవి అతని చేతికి ఇచ్చింది ఎవరు? అది అతని పాపం కాదు, వాళ్ల నిర్ణయం. ఇందులో వికేరియస్ ఏమీ లేదు. సంస్థల్లో పిల్లల మీద జరిగిన లైంగిక నేరాలను విచారించిన ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ యెహోవా సాక్షుల సంఘం దస్త్రాలు తెరిపించినప్పుడు 1950 నుంచి 1,006 మంది మీద వచ్చిన ఆరోపణలు అందులో ఉన్నాయి. సంఘం తనంతట తాను పోలీసులకు చెప్పినది ఒక్కటీ లేదు. దస్త్రం రాసుకున్నారంటే తెలిసినట్టే కదా. అయితే అమెరికాలోని మోంటానాలో 2018లో జ్యూరీ ఇదే సంఘం మీద 3.5 కోట్ల డాలర్లు విధిస్తే, 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. మతగురువులు రహస్యంగా ఉంచవలసిన విషయాలకు అక్కడి చట్టంలో మినహాయింపు ఉండటమే కారణం. మన 19వ సెక్షనులో అలాంటి కిటికీ లేదని మరోసారి గుర్తు చేస్తున్నాను.

నా వృత్తిలో ఒకసారి ఇలాంటి సంస్థ మినిట్స్ పుస్తకం చేతికొచ్చింది. రెండు వరుసలు: "సోదరుని విషయం చర్చించబడినది. సేవా బాధ్యత మార్చబడినది." ఏ విషయమో లేదు, ఏ పిల్లో లేదు. కాని తేదీ ఉంది. ఆ తేదీ తర్వాత జరిగిన ప్రతిదానికీ వాళ్లను నిలదీయడానికి ఆ తేదీ సరిపోయింది. మీరూ ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: పెద్దలు ఏ తేదీన, ఎక్కడ, ఎవరెవరు ఉండగా ఆ మాట అన్నారో. ఫోనులో వాళ్ల సందేశాలు ఉంటే చెరపకండి. పాప చెప్పినది పాప మాటల్లోనే రాయండి, మళ్లీ మళ్లీ అడగవద్దు. అతని ఎదుట కూర్చోబెట్టి 'నిజం తేలుద్దాం' అని పెద్దలు అంటే ససేమిరా ఒప్పుకోకండి, అతని ముఖం పాపకు కనిపించకుండా సాక్ష్యం తీసుకోవాలని కోర్టులకే నియమం ఉంది. రాజీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టవద్దు. పాప పేరు ఏ వాట్సాప్ గ్రూపులోనూ రాకూడదు. ఆ మొదటి కుటుంబం ఎవరో పోలీసులే కనుక్కుంటారు, మీరు వెళ్లి వాళ్ల తలుపు తట్టకండి.

ప్రశ్న: నాకిప్పుడు 42 ఏళ్లు. తొమ్మిదో ఏట మా మత పాఠశాలలో నాకు జరిగినది ఇన్నాళ్లకు నా భర్తతో చెప్పగలిగాను. ఆ మనిషి చనిపోయాడు. సంస్థ బాగానే ఉంది. ఆలస్యమైందా?
ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఆలస్యం చేయలేదు. ఆస్ట్రేలియా కమిషన్‌తో మాట్లాడినవారికి నోరు విప్పడానికి సగటున దాదాపు 24 ఏళ్లు పట్టింది. కాని చట్టం గడియారం వేరు. చనిపోయినవాడి మీద క్రిమినల్ కేసు నడవదు. పోక్సో అమలులోకి వచ్చింది 2012 నవంబరు 14న, అంతకుముందు నేరాలకు అది వర్తించదు. సివిల్ దావాకు మన కాలపరిమితి చట్టం మైనారిటీ తీరాక, అంటే 18 ఏళ్లు నిండాక, మహా అయితే మూడేళ్లు ఇస్తుంది, మీకది ఎప్పుడో దాటింది. విక్టోరియా 2015లో, న్యూ సౌత్ వేల్స్ 2016లో ఇలాంటి దావాలకు కాలపరిమితిని ఎత్తేశాయి. న్యూయార్క్ 2019లో పాత కేసులకు ప్రత్యేక గడువు తెరిచింది. మన దగ్గర అలాంటిది లేదు, మీకు ఆశ పెట్టి ఫీజు తీసుకునే లాయరును నమ్మకండి. అయితే ఆ పాఠశాల ఇంకా నడుస్తుంటే, అతనితోపాటు ఉన్నవారు ఎవరైనా ఇప్పటికీ పిల్లల మధ్య ఉంటే, వాళ్ల గురించి మీకు తెలిసినది చెప్పడానికి కాలపరిమితి అడ్డం రాదు. ఆ సంగతి వివరంగా రాయండి.

ప్రశ్న: నేను ఒక మత ట్రస్టులో బాధ్యుణ్ని. మీరు గత సంచికల్లో కూడా మాలాంటి సంస్థల మీద కఠినంగా రాశారు. మేం అనాథలను పోషిస్తున్నాం. ఒకడి తప్పుకు భక్తుల విరాళాలు లాక్కుంటే వీళ్లందరి గతి ఏమిటి? గతంలో మా దగ్గరా ఒకటి రెండు చిన్న విషయాలు వస్తే సర్దుబాటు చేశాం.
ఒక ధర్మకర్త

జవాబు: అయ్యా, మీ మొదటి వాదనను కెనడా సుప్రీంకోర్టు 1999లోనే విన్నది. మానసికంగా కష్టాల్లో ఉన్న పిల్లలను ఉంచుకుని చూసుకునే ఒక దాతృత్వ సంస్థలో ఉద్యోగి పిల్లలను వేధించాడు. మేము లాభాపేక్ష లేనివాళ్లం, మమ్మల్ని వదిలేయండి అని సంస్థ అడిగింది. ఆ పిల్లలకు ఆ మనిషిని దగ్గర చేసింది మీరు, ఆ ముప్పును పుట్టించినది మీ కార్యక్రమమే, కాబట్టి నష్టం పిల్లవాడి నెత్తిన కాక మీ మీద పడటమే న్యాయం అంది కోర్టు. లాస్ ఏంజెలెస్ కాథలిక్ ఆర్చ్‌డయోసిస్ 2007లో 66 కోట్ల డాలర్లకు, 2024లో మరో 88 కోట్లకు ఒప్పుకుంది. ఆ డబ్బూ భక్తులదే. భక్తులు ఇచ్చింది దీనికి కాదన్న మీ బాధ నాకు అర్థమవుతుంది. కాకపోతే ఆ కోపం తగలవలసిన చోటు కోర్టు కాదు.

ఇక మీ చివరి వాక్యం. మీరు సంస్థ పేరు, చిరునామా రాశారు కనుక అవి అచ్చు వేయలేదు. ఆ 'చిన్న విషయాలు' పిల్లలవేనా అని అడుగుతూ నిన్న మీకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. అవునని మీరు జవాబిస్తే, పోలీసులకు చెప్పవలసినవారిలో మీతోపాటు నేనూ ఉంటాను.