ఇంజన్ పని ఉన్న పాత పికప్ చవకగా వస్తోంది, తీసుకోవచ్చా?

అమెరికా వచ్చిన కొత్తలో చాలామంది కుర్రాళ్లు అడిగే సందేహం ఇది. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 2005 నాటి ఫోర్డ్ ఎఫ్-150 ఒకటి 2,500 డాలర్లకు కనిపిస్తుంది. కింద చిన్నగా "కాస్త ఇంజన్ పని ఉంది" అని రాసి ఉంటుంది. యూట్యూబ్‌లో చూస్తే ఎవరో అరగంట వీడియోలో ఇంజన్ దింపి కొత్తది ఎక్కించేస్తాడు. ఇంకేం, రాత్రికి నిద్ర పట్టదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లడానికి మీకు ఇంకో కారు లేకపోతే దాని జోలికి పోకండి. వారంలో అయిపోతుందనుకున్న పని నెలలకు సాగడం ఇలాంటి బండ్లకు మామూలే, అన్నాళ్లూ ఊబర్ మీద తిరగలేరు. రెండో బండిగా అయితే ఆలోచించొచ్చు. అప్పుడు కూడా ఇంజన్ తప్ప మిగతా బండి అంతా బాగుండాలి.

లెక్క ఇలా వేసుకోండి. అదే ఏడాది, అదే మోడల్, బాగా నడుస్తున్న పికప్ మీ ఊళ్లో 7,000కి పోతోందనుకుందాం. మెకానిక్ షాపుల్లో లేబర్ ఇప్పుడు చాలా ఊళ్లలో గంటకు 100 డాలర్లు దాటింది. ఇంజన్ మార్చడానికి 20 గంటలు పట్టినా కూలికే 2,000 పైన అవుతుంది. దాని మీద ఇంజన్ ఖర్చు, ఫ్లాట్‌బెడ్ మీద తెచ్చుకునే ఖర్చు, ట్యాక్స్, రిజిస్ట్రేషన్. పాత బండి కాబట్టి టైర్లో బ్రేకులో కూడా తోడవుతాయి. 2,500కి కొన్న బండి 7,000 దాటడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే కొనకముందే ఒక షాపుకు ఫోన్ చేసి రేటు కనుక్కోండి.

అసలు "ఇంజన్ పని" అంటే ఏమిటో ముందు తేలాలి. స్పార్క్ ఇచ్చే కాయిల్సో, సెన్సరో, వాటర్ పంపో అయితే భయపడక్కర్లేదు. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య సీల్, పోయిందంటే సంగతి వేరు. గ్యాస్కెట్ పెద్ద ఖరీదేం కాదు, దాని దాకా చేరడానికి ఇంజన్ సగం విప్పాలి. వేడెక్కి హెడ్ వంగిందేమో మెషిన్ షాపులో చూపించాలి. ఇంజన్ కింది భాగం నుంచి బరువుగా టక్ టక్‌మని, ఆక్సిలరేటర్ తొక్కితే పెరిగే చప్పుడు వస్తుంటే లోపల తిరిగే షాఫ్ట్ బేరింగులు పోయాయని అనుమానించాలి. ఆయిల్‌లో లోహపు మెరుపు కూడా కనబడిందంటే ఇక రిపేరు మాట మరిచిపోయి, ఇంజన్ మొత్తం మార్చే ఖర్చు మీదే బేరం చేయండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుళ్లను మీకు వినపడకుండా చేశారన్న అనుమానం పెట్టుకోండి. 1996 మోడల్ నుంచి వచ్చిన మామూలు బండ్లకు ఓబీడీ-2 పోర్టు (బండి కంప్యూటర్‌కు తగిలించే ప్లగ్) ఉంటుంది, చిన్న కోడ్ రీడర్ పెట్టి అది గుర్తించిన లోపాల కోడ్స్ చూడొచ్చు. కోడ్స్ ఏమీ లేవు కదా అని సంబరపడకండి. రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు "నాట్ రెడీ" అని చూపిస్తుంటే, ఈమధ్యే ఎవరో కోడ్స్ చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టర్‌ను ఆటోజోన్ లాంటి విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని వాడుకోవడానికి ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఒక సిలిండర్ రీడింగ్, అన్నిటికన్నా ఎక్కువ చూపించిన సిలిండర్‌లో ముప్పావు వంతు కూడా లేకపోతే లోపల గట్టి సమస్యే ఉంది. ఇవన్నీ మనవల్ల కాదనిపిస్తే ఇంటికొచ్చి చూసే మొబైల్ మెకానిక్‌ను పిలవండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

కొన్ని మోడళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బులున్నాయి. ఆ 2005 ఎఫ్-150లో 5.4 లీటర్ ఇంజనే ఉంటే, స్పార్క్ ప్లగ్‌లు తీసేటప్పుడు విరిగి హెడ్‌లో ఇరుక్కుపోవడం, వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే క్యామ్ ఫేజర్లు టకటకలాడడం అందరికీ తెలిసిన గొడవ. 2007 నుంచి వచ్చిన షెవీ సిల్వరాడో 5.3 లీటర్ ఇంజన్లలో, నాలుగు సిలిండర్లను ఆపి పెట్రోల్ ఆదా చేసే ఏర్పాటు ఉన్నవాటికి లిఫ్టర్లు (వాల్వులను కదిలించే భాగాలు) పాడవడం తరచూ వినే మాట. పాత టొయోటా టకోమాకు ఇంజన్ రాయిలా ఉంటుంది కానీ కింద ఫ్రేమ్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. నా లెక్కలో ఫ్రేమే ముఖ్యం. ఇంజన్ మార్చుకోవచ్చు, ఫ్రేమ్ కుళ్లిన బండికి పెట్టే ప్రతి డాలరూ దండగే. మంచుకు రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా వైపు బండి అయితే కిందకు దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.

తర్వాత మనవాళ్లు అస్సలు ఆలోచించని విషయం: బాగు చేసేది ఎక్కడ? చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదనీ, నడవని బండి ఉంచకూడదనీ రాసి ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి దాన్ని టో చేసేస్తే ఆ ఖర్చూ మీదే. సొంత గరాజ్ లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

రాష్ట్రాన్ని బట్టి పరీక్షలు కూడా మారతాయి. టెక్సస్‌లో మామూలు బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి ఎత్తేశారు కానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉంది. కాలిఫోర్నియాలో ఈ పొగ పరీక్ష పాసైనట్టు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత మామూలుగా అమ్మేవాడిదే. "నువ్వే చేయించుకో" అంటే పాస్ కాదని అతనికి తెలుసన్నమాట.

ఇంకొకటి. బాగు చేసి లాభానికి అమ్ముదాం, అలా ఒకదాని తర్వాత ఒకటి చేద్దాం అనే ఆలోచన ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నవాళ్లు పెట్టుకోకండి. సొంతానికి వాడుకున్న బండి అమ్ముకోవడం వేరు, వ్యాపారం వేరు. పికప్ కావాల్సింది ఎప్పుడో సోఫా మోయడానికే అయితే యూహాల్‌లోనో హోమ్ డిపోలోనో అద్దెకు తీసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

ఇంత విన్నాక కూడా కొనాలనిపిస్తే, కాగితాల దగ్గర మొహమాటపడకండి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద పేరు, అమ్మేవాడి లైసెన్స్ మీద పేరు ఒకటే కావాలి. "మా ఫ్రెండ్ బండి, నేను అమ్మిపెడుతున్నా" అంటే వెనక్కి వచ్చేయండి. డాష్‌బోర్డు మీది విన్ నంబరూ (బండి గుర్తింపు సంఖ్య) టైటిల్ మీది నంబరూ కలవాలి. బీమా మోసాలను పట్టుకునే ఎన్ఐసీబీ సంస్థ సైట్‌లో ఆ నంబరు కొడితే దొంగతనం, సాల్వేజ్ (పనికిరాదని బీమా కంపెనీ తేల్చిన బండి) రికార్డులు ఉచితంగానే చూపిస్తుంది. టైటిల్ తర్వాత మెయిల్‌లో పంపిస్తానంటే, డబ్బు కూడా తర్వాతే ఇస్తానని చెప్పండి.